దేవుడికి పట్టిన కిలుము

ఇంట్లో ఇత్తడి దేవుణ్ణి పెట్టుకోవడమంటే ఇంకో పసిబిడ్డని పెట్టుకోవడమేనని మా మామ్మ అనేది. అంటూనే ఆ బిడ్డకి చెయ్యాల్సిన చాకిరీ అంతా మా అమ్మచేత చేయించేది. తను మాత్రం పీట మీద కూర్చుని గంధం చిక్కబడిందనో, వత్తి సన్నంగా ఉందనో వంకలు పెట్టేది. మామ్మంటే మా నాన్న తల్లి. ఆవిడ మీద నాకు కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ తేలిక, వినేవాళ్ళకీ తేలిక.

అరకు లోయలో మాది ఉప్పూ గుడ్డా అమ్మే కొట్టు. గూడెం వైపు పితూరీ అణిగిన మరుసటేడు సంగతి ఇది. అప్పటికి కొండ మీదకి సరైన బాట లేదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా పెరికెద్దుల మీద సరుకెక్కేది. సంతరోజున కొండవాళ్ళు చింతపండు, పసుపు, అడ్డాకులు, తేనె తెచ్చి ఉప్పు పట్టుకుపోయేవారు. నాన్నని సావుకారని పిలిచేవారు. కొట్టు వెనకే ఇల్లు. వానాకాలం వస్తే ఇల్లంతా చింతపండు వాసన, తడిసిన గోనెల వాసన. మా కులంవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. మంచికైనా చెడ్డకైనా మాకు మేమే.

మా దేవుడు పారాడే బాలకృష్ణుడు. అరచేతిలో పట్టేవాడు. ఒక మోకాలూ ఒక చెయ్యీ నేలకి ఆనించి, రెండో చేతిలో వెన్నముద్ద పైకెత్తి, తల కొంచెం పక్కకి తిప్పి చూస్తుంటాడు. మామ్మ కాపరానికొచ్చినప్పుడు వాళ్ళ అత్తగారు చేతికిచ్చిన బొమ్మ. నిలబడి వేణువూదే కృష్ణుణ్ణి ఇంట్లో పెట్టకూడదని మామ్మ గట్టి నమ్మకం. నిలబడ్డవాడు పాటందుకుని ఎటో పోతాడట, పారాడేవాడు గడప దాటడట, ఇంట్లో పిల్లలూ అలాగే నిలుస్తారట. ఇక ఆ చేతిలో వెన్నముద్ద మన మనసట. మనం ఎంత మెత్తబడితే అంత ముద్ద అవుతుందట. మామ్మ మెత్తబడగా నేను చూసింది తక్కువ.

శుక్రవారం శుక్రవారం అమ్మ ఆయనకి ఒళ్ళు తోమేది. వంటగిన్నెలు తోమే చింతపండు వేరు, దేవుడి చింతపండు వేరు. గింజా పీచూ లేకుండా తీసి నానబెట్టి, మెత్తగా పిసికి, జల్లించిన కచ్చిక బూడిద కలిపి వేలితో రుద్దేది. గిన్నెలకి ఇటుకపొడి వాడొచ్చు గానీ దేవుడికి వాడకూడదు, గీతలు పడి కనుబొమలు అరిగిపోతాయి. చంకల కింద, మోకాలి మడతలో, మొలతాడు కింద వేలు దూరదు. అక్కడ చీపురుపుల్లకి గుడ్డ చుట్టి తుడిచేది. అభిషేకమయ్యాక మళ్ళీ మంచినీళ్ళతో కడిగి పాతచీర పీలికతో పొడిగా ఒత్తేది. మడతలో చుక్క మిగిలినా చాలు, వారం తిరిగేసరికి అక్కడ ఆకుపచ్చగా పూసేది. దాన్నే కిలుము అంటాం.

కిలుము సంగతి మా ఇంట్లో నాకూ తెలుసు. కళాయి లేని ఇత్తడిగిన్నెలో పెరుగు పోసినా, పులుసు పోసినా కిలుమెక్కుతుంది. తింటే కడుపులో దేవేస్తుంది, వాంతులవుతాయి. వానలు తగ్గాక కింద నుంచి కళాయివాడు పైకొచ్చేదాకా, కళాయి పోయిన గిన్నెల్ని అమ్మ అటకెక్కించేసేది. ఒకసారి చారు అడుగున పచ్చగా కనిపిస్తే గిన్నెడు చారూ దొడ్లో పారబోసి, ఆ పూట మా అందరికీ మజ్జిగన్నం పెట్టింది. అలాంటి మనిషి మా అమ్మ.

ఆ ఏడు వానలతో పాటే కొండజ్వరం వచ్చింది. ఏటా వస్తుంది గానీ ఆ ఏడు మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చింది. ముందు మా చిన్నాన్న పోయాడు. మాతోనే ఉండేవాడు, ఇంకా పెళ్ళి కాలేదు. ఆయన పోయింది శుక్రవారం పొద్దున. అమ్మ దేవుడికి పెరుగూ తేనే పోసి, ఇంక కడగబోతుండగా వీధి గదిలోంచి నాన్న కేక వినపడింది. చెంబు అక్కడే పెట్టి పరుగెత్తింది. ఆ తరవాత మైల. మైలలో మేమెవరం దేవుణ్ణి ముట్టుకోకూడదు. మైల లేని మావాళ్ళెవరైనా వచ్చి కడిగి పెట్టొచ్చు గానీ, రావాలంటే కొండ కింద నుంచి రావాలి. పెరుగూ తేనే ఒంటినిండా కారుతున్న బాలకృష్ణుణ్ణి ఇత్తడి పళ్ళెంలో అలాగే వదిలేసి, మామ్మ ఆ గది తలుపు దగ్గరగా వేయించింది.

ఆ మైల తీరి, తలంట్లు పోసుకుని, రేపు దేవుడి గది తెరవాలనుకుంటుండగా మా చంటి చెల్లెలు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. అది తీరిందో లేదో, కింద ఎక్కడో దాయాదుల ముసలాయన పోయాడని పెరికెద్దులవాళ్ళు కబురు తెచ్చారు. ఆయన ముఖం మేమెవరమూ ఎరగం. అయినా మైల మైలే. గది తలుపు తెరుచుకోలేదు. బయట వాన కురుస్తూనే ఉంది, గోడలు చెమ్మెక్కాయి, ఆ తలుపు సందులోంచి పుల్లటి వాసన వచ్చేది. అమ్మ అటు వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది.

అప్పుడు తమ్ముడికి జ్వరం తగులుకుంది. మా ఇంట్లో ఉన్న మగపిల్లాడు వాడొక్కడే, ఇంకా పాలపళ్ళు ఊడని వయసు. రోజు విడిచి రోజు చలి, ఆ పైన కాగిపోయే ఒళ్ళు. పొట్టలో ఎడమపక్క బల్ల పెరిగి గట్టిగా చేతికి తగిలేది. కొండవాళ్ళ దిసారిని పిలిచి మంత్రం కూడా వేయించారు నాన్న. చివరికి చలిజ్వరానికి వేసే కొయినా పొట్లాలు కింద పోస్టాఫీసులో అమ్ముతున్నారని విని ఆయనే ఘాటీ దిగారు. వెళ్ళేముందు తమ్ముడి తల నిమిరి, "బేగి వచ్చేత్తానురా నాన్నా" అన్నారు. ఇంట్లో మామ్మ, అమ్మ, నేను, జ్వరంతో తమ్ముడు.

దేవుడికి స్నానం లేక, దీపం లేక ఆగ్రహించాడు, అందుకే చావులని మామ్మ అప్పటికే తీర్మానించేసింది. చావులవల్లే కదా స్నానం లేనిదని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. మూడో మైల తీరింది. ఇల్లంతా పసుపునీళ్ళు చల్లి, మడి కట్టుకుని మామ్మ ఆ తలుపు తీసింది. వెనక అమ్మ నానబెట్టిన చింతపండు గిన్నెతో నిలబడింది, అమ్మ వెనక నేను.

పళ్ళెంలో బాలకృష్ణుడు నీలంగా ఉన్నాడు.

నీలమంటే నీలమే. పచ్చా నీలమూ కలిసి, నెమలి మెడ రంగు. పెరుగు కారిన చోటల్లా దళసరిగా పూసి ఉంది. ముఖం, భుజాలు, ఎత్తిన చెయ్యి, అన్నీ. ఒక్క వెన్నముద్ద మాత్రం పైన కొంచెం ఇత్తడి రంగులో మిగిలింది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా అందంగా కనిపించాడు. పటాల్లో చూసే కృష్ణుడి రంగది. మామ్మ అక్కడే చతికిలబడిపోయింది. ఆవిడ ఏడవడం నేను చిన్నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు.

"సూడండలా," అంది. "సామి తన రంగుకి తను వచ్చేసినాడు. గుంటడి ఇసమంతా తన ఒంటికి ఎక్కించుకున్నాడు. ఇంక ఈడికి భయం నేదు."

అమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "అత్తా, అది కిలుము కాదేటి?" అంది నెమ్మదిగా. "పెరుగు కడక్కుండా ఒగ్గేసినాం కదా."

"కిలుము పట్టడానికి దేవుడు నీ పులుసుగిన్నేటే? ఆ సింతపండు అవతల పారెయ్. ఆ రంగు మీద సెయ్యెట్టినావంటే నేనూరుకోను."

అమ్మ చింతపండు పారెయ్యలేదు గానీ గిన్నె గుమ్మం బయట పెట్టేసింది. అక్కడే అంతా అయిపోయిందని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఒక బిడ్డని మట్టిలో పెట్టి నెలైనా నిండని ఆడది, ఉన్న ఒక్క బిడ్డా బతుకుతాడని పెద్దావిడ దేవుణ్ణి చూపించి చెబుతుంటే, కాదని ఎలా అంటుంది? నన్ను నేను కావాలని లెక్కలోంచి తీసేశానని అనుకోకండి. ఆ రోజుల్లో ఆడపిల్లల్ని కలిపి ఎవరూ లెక్క చెప్పేవారు కాదు, ఆ అలవాటు నాకూ అంటింది.

మామ్మే అభిషేకం చేసింది. కొండవాళ్ళు ఆవుల్ని పితకరు, పాలు దూడవంటారు. లోయలో పాడి ఉన్నది మా ఇంట్లోనే. ఆ పెరుగు, కొండతేనె, నెయ్యి, పాలు, పంచదార. అది చాలక రెండు నిమ్మకాయలు పిండింది. దేవుణ్ణి అదే పళ్ళెంలో, ఆ అమృతంలో మర్నాటి పొద్దుటిదాకా ఉంచింది, ఆయన తీసుకున్న శక్తి అందులోకి దిగాలని. సంగతి తెలిసి సంతకొచ్చిన కొండ ఆడవాళ్ళు కూడా తొంగిచూసి, నీలం దేవుడి ముందు పూలు పెట్టి వెళ్ళారు. మామ్మ వాళ్ళని గుమ్మం దాటనిచ్చింది కాదు గానీ, వాళ్ళు చూస్తున్నందుకు ఆవిడకి గొప్పగానే ఉంది.

తీర్థం ఇచ్చేటప్పుడు చదువుతారు చూడండి, అకాల మరణాన్ని తప్పించేది, రోగాలన్నీ పోగొట్టేది అని, అది చదివి అందరికీ తలా ఒక చెంచా పోసింది. తనూ తీసుకుంది. నాకు పైసాబిళ్ళ నాలిక మీద పెట్టుకున్నట్టు ఉంది. కడుపులో తిప్పి దొడ్లోకి పోయి కక్కేశాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా ఆ తీర్థం మింగకుండా నోట్లో పట్టుకుని నిలబడి ఉంది. ఆ రుచి ఏమిటో వంటింట్లో బతికిన మనిషికి తెలియకుండా ఉండదు.

"అత్తా, నోట్లో ఏదోలాగుంది. గుంటడికి ఇంక ఒద్దు," అంది మింగాక.

"నీకు నమ్మకం నేదు. అందుకే నీకలాగుంది."

తమ్ముడికి పూటకి నాలుగైదు చెంచాలు పట్టించారు. "సేదుగా ఉంది మామ్మా, నాకొద్దు," అన్నాడు వాడు. "మందు సేదుగానే ఉంటాది నాయనా," అని గడ్డం పట్టుకుని బతిమాలి పోసేది. వాడి మీద ఆవిడకి ప్రేమ లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఆ ఇంట్లో వాడి ఎంగిలి తినేది ఆవిడొక్కర్తే. అందుకే నా కోపానికి సరిగ్గా ఒక చోటు దొరకదు.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. పచ్చగా వచ్చింది. "ఇసం కక్కేత్తన్నాడు. మంచిదే. ఇంకో సెంచా పొయ్యే," అంది మామ్మ. అమ్మ చెంచా తీసుకుని, వాడి నోటి దగ్గర పెట్టినట్టే పెట్టి, చాప పక్కన నేల మీదకి వంచేసింది. నేను చూశాను. మామ్మ కూడా చూసింది. చెంచా లాక్కుని అక్కణ్ణుంచి తనే పోసింది. అమ్మ గోడకి జారగిలబడి కూర్చుని, తమ్ముడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు వాడికి కక్కడానికి కూడా ఏమీ లేకపోయింది. ఒళ్ళు చల్లబడుతుంటే జ్వరం దిగుతోందని మామ్మ సంతోషించింది. పొద్దెక్కకముందే పోయాడు.

జ్వరమే తీసుకుపోయిందేమో. ఆ ఏడు కొండ మీద ఏ తీర్థమూ నోట పోసుకోని పిల్లలు కూడా ఇంటికొకరు చొప్పున పోయారు. ఇన్నేళ్ళలో నాకు నేను ఈ మాట చెప్పుకున్నన్ని సార్లు ఏ మంత్రమూ చెప్పుకోలేదు. వాడు బతికుండేవాడని ఒట్టేసి చెప్పలేను. కానీ వద్దు వద్దంటున్న పిల్లాడి నోట్లో చివరిగా పడింది ఏమిటో నాకు తెలుసు.

నాన్న కొయినా పొట్లాలతో వచ్చేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. "జొరం పైకెక్కీసింది నాన్నా," అంది మామ్మ. నాన్న పొట్లాలు గూట్లో పెట్టి, కొట్టు తలుపు దగ్గర గోనెల మీద వెల్లకిలా పడుకున్నారు. ఆయనకి ఆ సంగతి ఎప్పుడూ తెలియలేదు. చెప్పాల్సినవాళ్ళు ఇద్దరూ చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు.

మళ్ళీ మైల. మళ్ళీ దేవుడి గది తలుపు వేశారు. రెండు రోజులు గడిచాక, ఎండ కాసిన పూట, అమ్మ లేచి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి బాలకృష్ణుణ్ణి చేత్తో పట్టుకుని దొడ్లోకి నడిచింది. మైల ఒంటితో, తలైనా తడపకుండా. గిన్నెలు తోమే బండ మీద పెట్టి, గిన్నెల చింతపండే వేసి, గిన్నెల ఇటుకపొడే వేసి, పీచుతో తోమడం మొదలుపెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఆ రోజు మా ఇంట్లో దుత్త దేవుడే. నీలం కరిగి బండ మీంచి కారింది. రంగంతా పోయినా అమ్మ ఆగలేదు. కనుబొమలు పోయాయి, ముక్కు మొన పోయింది, పెదవుల మధ్య గీత పోయింది.

నాన్న వచ్చి చూసి తెల్లబోయారు. "మైల్లో ముట్టుకున్నావేటి?" అన్నారు.

మామ్మ వెనక అరుగు మీదే ఉంది, అంతా చూస్తోంది. పొయ్యి మీద మడినీళ్ళకి నా చెయ్యి తగిలితే రోజంతా తిట్టే మనిషి. "ఊరుకో నాన్నా," అంది. "తోమనీ."

ఆ తరవాత వాళ్ళిద్దరి మధ్యా ఆ మాట రాలేదు. పూజ అమ్మే చేసేది. పంచామృతాలు మానేసింది. ఉత్త నీళ్ళతో స్నానం చేయించి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి ఆనపపాదులో పోసేది. ఇంట్లో ఎవరికీ తీర్థం ఇచ్చేది కాదు. మామ్మ అడిగేది కాదు, పీట మీద కూర్చోవడం కూడా మానేసింది. కళాయివాడు పైకొచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఉన్న ఇత్తడంతా వాడి ముందు పోయించింది, ఇంకా కళాయి పోనివాటితో సహా. ఒక్కో గిన్నె ఎండలోకి వంచి లోపల చూసుకుని మరీ తీసుకుంది. అన్నీ అయ్యాక, "దేవుడికి కళాయి ఏత్తారేటి బాబూ?" అని అడిగింది. వాడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. దేవుడికి పులుసు కాస్తారా అమ్మా అన్నాడు వాడు. మామ్మ గిన్నెలెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకో రెండు వానాకాలాలు బతికింది. పోయేముందు మాట పడిపోయింది గానీ తెలివి ఉంది, కళ్ళతో మనుషుల్ని వెతికేది. ఊపిరి బరువెక్కడం చూసి నాన్న స్నానం చేసి వచ్చి, దేవుణ్ణి కడిగి, తులసాకు వేసిన తీర్థం వెండి ఉద్ధరిణెతో తెచ్చారు. దేవుడు అప్పుడు అద్దంలా ఉన్నాడు, అవి ఉత్త బావినీళ్ళు. నాన్న ఆ చదివేది చదువుతూ పెదాల దగ్గర పెట్టారు. మామ్మ నోరు మూసేసుకుంది. "అమ్మా, తీర్థమమ్మా," అన్నారు నాన్న. ఆవిడ పళ్ళు బిగబట్టి తల గోడవైపు తిప్పుకుంది. నీళ్ళు చెంప మీంచి చెవిలోకి కారాయి.

"దవడలు బిగుసుకుపోనాయి," అన్నారు నాన్న.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, మామ్మ తల ఎత్తి తన మోచేతి మీద పెట్టుకుంది.

"కుండలో నీల్లే అత్తా," అంది.

మామ్మ నోరు తెరిచింది.